గడ్డి రన్‌వే, గట్టి రన్‌వే

ఇంజినీరు సారును అడగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విమానాల గురించే. మామునూరు విమానాశ్రయం పుణ్యమా అని వరంగల్‌లో చాయ్ బండి దగ్గర కూడా రన్‌వే పొడవు మీద వాదనలు జరుగుతున్నాయి. నేను ముప్పై ఏళ్ళు రోడ్లు వేసినవాణ్ణి, విమానం నడిపినవాణ్ణి కాదు. అయితే రన్‌వే కూడా ఒక రోడ్డే, కాస్త పొగరు ఎక్కువున్న రోడ్డు. ఆ మేరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లాండులో ఒక పల్లెలో ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి వెనక రెండు పొలాలు దాటితే చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. మేం వెళ్ళినప్పుడు చూశాను. రన్‌వే అంటే ఉత్త పచ్చగడ్డి, 700 మీటర్లు ఉంటుందట. మన దగ్గర అయితే గొర్రెలు తోలేవాళ్ళు. శని, ఆదివారాల్లో రెండు సీట్ల విమానాలు లేచేవి. ఇప్పుడు ఆ గడ్డి తీసేసి 18 మీటర్ల వెడల్పున తారు రన్‌వే వేస్తామని కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టారు. వీధి స్తంభానికి నోటీసు కట్టారు. 'పొడవు పెంచడం లేదు, విమానాలు పెంచడం లేదు, పైపొర మాత్రమే మారుస్తున్నాం' అని అందులో ఉందట. అమ్మాయికి ఒకటే టెన్షన్. అభ్యంతరం రాయాలా, వద్దా? రాస్తే ఏం రాయాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: సార్, రాయమనండి. కానీ 'తారు వేయొద్దు' అని మాత్రం రాయొద్దని చెప్పండి. ఎందుకో చెబుతాను.

గడ్డి రన్‌వేకు ఒక తాళం ఉంటుంది, దాని పేరు వాన. ఇంగ్లాండులో చలికాలం వచ్చిందంటే నేల నానిపోయి ముద్దవుతుంది. చక్రం దిగబడుతుంది, బురద రెక్కల కింద కొడుతుంది. అందుకే చాలా గడ్డి ఎయిర్‌ఫీల్డ్‌లు ఆ రోజుల్లో ఎక్కువగా మూతపడి ఉంటాయి. తారు వేస్తే ఆ తాళం ఊడిపోతుంది. నోటీసులో 'విమానాలు పెంచడం లేదు' అన్న మాట అబద్ధమే కానక్కర్లేదు. ఉన్న విమానాలే ఏడాదంతా ఎగురుతాయి, అంతే. తర్వాత ఏదైనా శిక్షణ స్కూలు వచ్చి చేరిందనుకోండి, నేర్చుకునే పిల్లవాడు ఒకే విమానంతో గంటలో ఆరేడుసార్లు దిగి మళ్ళీ లేస్తుంటాడు. నోటీసు చదివేవాళ్ళు నేలను చూస్తారు, చూడాల్సింది వాడకాన్ని.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. గడ్డి మీద చక్రం తేలిగ్గా దొర్లదు. పొడి గడ్డి మీద నుంచి లేవాలంటే గట్టి నేల కంటే 20 శాతం ఎక్కువ దూరం, తడి గడ్డి అయితే 30 శాతం ఎక్కువ దూరం లెక్కేసుకోమని అక్కడి పౌర విమానయాన సంస్థే పైలట్లకు చెబుతుంది. అంటే తారు మీద విమానం ముందే లేస్తుంది, మీ అమ్మాయి ఇంటి మీదికి వచ్చేసరికి ఇంకాస్త ఎత్తులో ఉంటుంది. ఒక్కో విమానం చప్పుడు తగ్గినా తగ్గొచ్చు, ఎన్నిసార్లు వినిపిస్తుందన్నదే అసలు గొడవ.

ఇక అక్కడి పద్ధతి. ఇంగ్లాండులో ఇలాంటి అనుమతి ఇచ్చేది స్థానిక కౌన్సిల్. నోటీసు పెట్టాక ప్రజలకు కనీసం 21 రోజులు గడువు ఇవ్వాలి. 700ను 18తో గుణిస్తే 12,600 చదరపు మీటర్లు, మన లెక్కలో మూడెకరాల నాలుగున్నర గుంటలు. హెక్టారు దాటింది కాబట్టి అది పెద్ద దరఖాస్తుల కింద లెక్క, నిర్ణయానికి 13 వారాల గడువు. ఎయిర్‌ఫీల్డ్ పని హెక్టారు దాటితే పర్యావరణ నివేదిక కావాలా వద్దా అన్నది కూడా కౌన్సిల్ ముందుగా తేల్చాలి. 2024 ఫిబ్రవరి నుంచి ఇంకో నిబంధన వచ్చింది. పెద్ద నిర్మాణం ఏదైనా పోగొట్టిన పచ్చదనం కంటే 10 శాతం ఎక్కువ జీవవైవిధ్యం తిరిగి చూపించాలి. మూడెకరాల గడ్డి తారు కింద పోతుంటే బదులుగా ఏం పెంచుతారన్నది అమ్మాయి అడగదగ్గ ప్రశ్నే.

'మా ఇంటి ధర పడిపోతుంది', 'కిటికీలోంచి చూస్తే బాగుండదు' అని రాయొద్దనండి. అక్కడి ప్రణాళికా చట్టంలో వాటికి విలువ లేదు. చప్పుడు, వేళలు, వరద నీళ్ళు, రోడ్డు మీద లారీలు, వీటికి ఉంది. పైగా అక్కడి జాతీయ ప్రణాళికా విధానంలోనే చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లను నిలుపుకోవాలి, కాలంతోపాటు అవి మారాల్సిన అవసరాన్ని గుర్తించాలి అని రాసి ఉంది. 'మొత్తం రద్దు చేయండి' అనే ఉత్తరం దాని ముందు తేలిపోతుంది. 'ఇస్తే ఈ షరతులతో ఇవ్వండి' అనే ఉత్తరానికి బలం ఉంటుంది. ఏడాదికి ఇన్ని, రోజుకు ఇన్ని అని లెక్క కట్టమనాలి. పొద్దున ఎన్నింటికి మొదలు, సాయంత్రం ఎన్నింటికి ఆఖరు? రాత్రి దీపాలు వద్దు, జెట్ విమానాలు వద్దు. ఆదివారం చక్కర్ల శిక్షణ ఉండకూడదు. ఒక కిటుకు చెబుతాను. లేస్తే ఒకటి, దిగితే ఒకటి. దిగీదిగగానే లేస్తే రెండు. షరతులో ఈ లెక్క విడమరిచి రాయించకపోతే వాళ్ళ వందకూ మీ వందకూ పొంతన ఉండదు.

ఇంకోటి. కౌన్సిల్ 'కుదరదు' అంటే ఎయిర్‌ఫీల్డ్ వాళ్ళు ఆరు నెలల్లోపు పైన అప్పీలు చేసుకోవచ్చు. 'సరే' అంటే మాత్రం పక్కింటివాళ్ళకు అప్పీలు లేదు. ఆరు వారాల్లో కోర్టుకు వెళ్ళడం ఒక్కటే దారి, అది చాలా ఖర్చు. కాబట్టి చెప్పాల్సిందంతా ఆ 21 రోజుల్లోనే చెప్పుకోవాలి.

నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి, అది నా సొంత గాయం. ఆ 12,600 చదరపు మీటర్ల తారు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,26,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు పాతిక. గడ్డి అయితే అందులో చాలా భాగం తాగేస్తుంది, తారు చుక్క కూడా తాగదు. అవన్నీ ఎటో ఒకవైపు పోవాలి కదా.

1994లో నేను పరకాల వైపు ఒక బండ్లబాటను గట్టి చేశాను. ఎస్టిమేటు మీద పేరేంటో తెలుసా? 'పైపొర మెరుగుదల'. పైపొరే కదా అని తూము గురించి ఎవరూ ఆలోచించలేదు. సంతకం పెట్టింది నేనే, కాబట్టి ఆ ఎవరూ నేనే. మెత్తటి బాటగా ఉన్నన్నాళ్ళు వాన నీళ్ళు అడ్డంగా ఇంకుతూ, జారుతూ కుంటలోకి పోయేవి. మొరం పోసి, రోలరు తిప్పి, జానెడు ఎత్తు లేపేసరికి అది కట్టలా అడ్డం పడింది. శ్రావణంలో మూడు రోజుల ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే ఒక అవ్వ మా ఆఫీసుకు వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా బురద. చేతిలో వేరుతో సహా పీకిన పత్తి మొక్క. టేబుల్ మీద పెట్టి, వేరును రెండు వేళ్ళతో పట్టి లాగింది. పైతోలు ఒరలా ఊడొచ్చింది, లోపల నల్లగా కుళ్ళు, మురుగు కంపు. 'ఏం సారూ, బాట నీది, నీళ్ళు నాయా?' అంది. నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం మరమ్మతు పద్దు కింద రెండడుగుల తూము వేయించాను, కానీ ఆ ఏడు ఆమె పత్తి పోయింది. అది తిరిగి ఇచ్చే పద్దు ఏ ఫైలులోనూ లేదు.

కాబట్టి సార్, 'పైపొర మాత్రమే' అన్న మాట ఏ దేశంలో కనిపించినా నాకు ఆ వేరు గుర్తొస్తుంది. నీళ్ళు ఎటు పంపుతున్నారు, ఎక్కడ ఆపుతున్నారు, కాలువల నక్షా చూపించండి అని అమ్మాయిని ముందు అడగమనండి. చప్పుడు సంగతి ఆ తర్వాత.

ప్రశ్న: మామునూరులో నిజాం కాలం నుంచే రన్‌వే ఉంది కదా. అప్పట్లో విమానాలు దిగాయి కూడా. దాని మీదే ఒక పొర తారు పోసి మొదలుపెట్టక ఇన్నేళ్ళు ఎందుకు? ఇంకా వందల ఎకరాలు ఎందుకు?
— డిగ్రీ విద్యార్థి, ఖిలా వరంగల్

జవాబు: బాబూ, మీ తాత బరువు వేరు, నీ బరువు వేరు. అదీ సంగతి.

మామునూరు 1930లో కట్టినది. అజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ వైపు పరిశ్రమల అవసరాలకూ అది ఉపయోగపడింది. 1981 దాకా వాడుకలో ఉండి ఆగిపోయింది. తర్వాత ఎన్‌సీసీ పిల్లల గ్లైడర్లకు పనికొచ్చింది. పాతకాలపు డకోటా విమానం నిండా ఎక్కించినా 12, 13 టన్నులే. ఇప్పుడు చిన్న ఊళ్ళకు తిరిగే ఏటీఆర్-72 దాదాపు 23 టన్నులు. ఎయిర్‌బస్ 320 అయితే 78 టన్నుల దాకా ఉంటుంది, ఆ బరువులో చాలా భాగం వెనక నాలుగు చక్రాల మీదే. అంటే ఒక్కో చక్రం మీద 18 టన్నుల చొప్పున. మన లారీకి వెనక ఇరుసు మీద నాలుగు టైర్లకూ కలిపి చట్టం ఒప్పుకునేది 11.5 టన్నులు. మీ కారు టైరులో గాలి 32 పాయింట్లు ఉంటే, దాని టైరులో 200 దాకా ఉంటుంది. ఉలి పెట్టి నొక్కినట్టు నొక్కుతుంది. అడుగున మట్టి మెత్తగా ఉంటే పైన ఎంత తారు పోసినా బూరెలా లోపలికి దిగుతుంది.

ఆ మట్టి బలం ఎలా చూస్తారో చెబుతాను, మా వృత్తిలో నాకు ఇష్టమైన పని అదే. మట్టిని ఇనుప అచ్చులో దట్టించి, నాలుగు రోజులు, సరిగ్గా 96 గంటలు, నీళ్ళలో నానబెడతారు. అంటే ఎంత వాన పడ్డా ఇంతకన్నా నానదు అన్న స్థితికి తెస్తారు. బయటికి తీసి, 50 మిల్లీమీటర్ల గుండ్రటి ఇనుప కడ్డీతో నిమిషానికి మిల్లీమీటరూ పావు చొప్పున మెల్లగా నొక్కుతారు. రెండున్నర మిల్లీమీటర్లు దిగడానికి ఎంత బరువు పట్టిందో చూస్తారు. మంచి కంకర రాయి అయితే 1,370 కిలోలు పడుతుంది, దాన్ని నూరు అనుకుంటాం. మన నల్లరేగడి చాలాసార్లు రెండు, మూడు శాతం దగ్గరే చేతులెత్తేస్తుంది. మంచి మొరం ఇరవై దాటుతుంది. నానబెట్టిన రేగడి డబ్బా బయటికి తీస్తే అంచు మీదికి ఉబ్బి ఉంటుంది, పొంగిన రొట్టెలాగా. ఎండితే బీటలు వారుతుంది. వానకు పొంగి, ఎండకు కుంగే నేల మీద రన్‌వే వేయాలంటే ముందు ఆ మట్టి తవ్వి పారేయాలి, లేదా సున్నం కలిపి దారికి తేవాలి. మన జిల్లాలో తమాషా ఏమిటంటే ఒక చెలక ఎర్రగా ఉంటుంది, గట్టు దాటితే రేగడి. రెండు కిలోమీటర్ల రన్‌వేకు అడుగడుగునా గుంటలు తీసి చూసుకోవాల్సిందే.

ఇక భూమి. రన్‌వే 2,000 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు అనుకో. తారు పడేది 22 ఎకరాల్లోనే. కానీ విమానం పక్కకు తప్పితే బోల్తా పడకుండా చుట్టూ చదునైన ఖాళీ జాగా ఉండాలి. పరికరాల సాయంతో దిగే పెద్ద రన్‌వేకు ఆ జాగా మొత్తం వెడల్పు 280 మీటర్లు, రెండు చివర్లా 60 మీటర్ల చొప్పున అదనం. లెక్కేస్తే 147 ఎకరాలు. ఆ తర్వాత కూడా చివర్లలో రక్షణ జాగా, విమానాలు నిలిపే చోటు, టెర్మినల్, ఫైరింజన్లు. ఎకరాలు అలా కరిగిపోతాయి.

ఇంకా తాటిచెట్ల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. పెద్ద రన్‌వే చివర ఖాళీ జాగా దాటగానే ఆకాశంలో ఒక ఏటవాలు గీత మొదలవుతుంది, 50 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. ఆ గీతను ఏదీ పొడవకూడదు. 500 మీటర్ల దూరంలో 10 మీటర్ల ఎత్తే అనుమతి. మన తాటిచెట్టు 20 మీటర్లు ఉందనుకో, కనీసం కిలోమీటరు అవతల ఉండాలి. మన ఊళ్ళలో రన్‌వే దారిలో తాటివనం లేకుండా ఉండదు, తాటివనం ఉందంటే దాని మీద బతికే గీత కార్మికులు ఉంటారు. నక్షాలో అది 'అడ్డంకి' అని చిన్న చుక్కగా ఉంటుంది.

ఆలస్యానికి కారణం ఒక్క మట్టే కాదు. శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదని పాతికేళ్ళ షరతు ఉంది. దానికి ఆ సంస్థ అభ్యంతరం లేదని రాసిచ్చాకే కేంద్ర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న మామునూరుకు పచ్చజెండా ఊపింది. అప్పటికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలు ఉంది. ఇంకో 280 ఎకరాల పైచిలుకు కోసం రాష్ట్రం 2024 నవంబరులో 205 కోట్లు మంజూరు చేసింది. రన్‌వే పూర్తయ్యాక కూడా విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ వాళ్ళు వచ్చి కొలిచి లైసెన్సు ఇస్తేనే టికెట్లు అమ్ముతారు. 'అనుమతి వచ్చింది' అని పేపర్లో చూసినప్పుడల్లా ఏ అనుమతి అని అడగడం నేర్చుకో బాబూ. అది పది గడపల ఇల్లు.

ప్రశ్న: విమానాల కోసం మా రెండెకరాలు పోతుంది. అందులో బోరు, పన్నెండు తాటిచెట్లు, ఒక మామిడిచెట్టు ఉన్నాయి. 'సంతకం పెట్టు, పైసలు పడతాయి' అంటున్నారు. పెట్టాలా? మా కౌలుదారు పరిస్థితి ఏమిటి?
— ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: అన్నా, ముందు ఒక మాట చూసుకో. నీ ముందు పెట్టిన కాగితం ఏ దారిదో తెలుసుకో. దారులు రెండున్నాయి.

ఒకటి 2013 భూసేకరణ చట్టం దారి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, కలెక్టరు వినాలి. మార్కెట్ ధర కట్టి, పల్లె భూమి అయితే దాన్ని హెచ్చించి, దాని మీద చెట్లు, బోరు, ఇల్లు విలువ కలిపి, మొత్తానికి సమానంగా ఇంకో నూరు శాతం పరిహారం చేర్చాలి. ఆ అవార్డు నచ్చకపోతే పెంపు కోసం పైకి పోవచ్చు. కానీ డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టాలి. ఆ ఒక్క ముక్క రాయకుండా తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఎంతోమంది ఇక్కడే దెబ్బతిన్నారు.

రెండోది ఒప్పందం దారి. తెలంగాణ ఆ చట్టానికి చేసిన సవరణలో 30ఏ సెక్షన్ అని ఉంది, రేటు మాట్లాడుకుని రాసుకునేది. డబ్బు తొందరగా వస్తుంది, నిజమే. తర్వాత 'తక్కువైంది' అంటే వినేవాళ్ళు ఉండరు. చెడ్డదని నేను అనను. రేటు బాగుంటే తీసుకో. సంతకానికి ముందు ఒక పూట వరంగల్ కోర్టు దగ్గర లాయరుకు చూపించు, ఆ ఫీజు దండగ కాదు.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. భూభారతిలో నీ రికార్డు తీసి విస్తీర్ణం సరిచూసుకో. తర్వాత పొలానికి పోయి బోరు, మోటారు, ఒక్కొక్క తాడిచెట్టు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో. పంచనామాలో 'చెట్లు – కొన్ని' అని రాస్తే ఒప్పుకోకు. పన్నెండు అంటే పన్నెండు అని అంకెల్లో, అక్షరాల్లో రాయించు. నేను ఈ 'కొన్ని'ని చాలా ఫైళ్ళలో చూశాను.

మీ కౌలుదారును చట్టం మర్చిపోలేదు. మూడేళ్ళు ముందు నుంచి ఆ భూమి మీదే బతుకుతున్న కౌలు రైతు, కూలీ కుటుంబాలు కూడా నష్టపోయినవాళ్ళ లెక్కలోకి వస్తాయి. కాగితం లేని కౌలు మనదంతా. నువ్వు ఒక తెల్లకాగితం మీద 'ఫలానా ఆయన ఇన్నేళ్ళుగా చేస్తున్నాడు' అని రాసిస్తే అతనికి ఆధారం అవుతుంది. నీకు పోయేదేమీ లేదు.

పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. అక్కడ భూమి రేటు మాట్లాడి టైం పోగొట్టుకోవద్దు. మిగిలిన పొలాలకు నీళ్ళు ఎటు వస్తాయి, వాగును ఎటు మళ్ళిస్తారు, చెరువు పంటకాలువ తెగుతుందా అని అడగండి. రికార్డు చేస్తారు, తర్వాత పనికొస్తుంది.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర మాకు 20 ఎకరాల బీడు ఉంది. మా బావమరిది దుబాయ్‌లో బాగా సంపాదించాడు, చిన్న విమానం కొంటానంటున్నాడు. ఆ భూమిలో సొంత ఎయిర్‌స్ట్రిప్ వేసుకోవచ్చా?
— పేరు వద్దు, కరీంనగర్

జవాబు: భూమి ఏ ఆకారంలో ఉందో రాయలేదు మీరు. చతురస్రంగా ఉంటే ఒక వైపు 285 మీటర్లే వస్తుంది, అందులో దిగిన విమానం పక్కవాళ్ళ మక్కచేనులో ఆగుతుంది. 800 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పుతో పట్టీలా ఉంటే ఆలోచించొచ్చు. ఆ తర్వాత విమానయాన శాఖ, రక్షణ శాఖ, హోం శాఖ, వ్యవసాయ భూమి మార్పిడి అంటూ అందరి గుమ్మాలూ తొక్కాలి. బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ కోసం వేసిన స్ట్రిప్ ఉంది, చిన్న ఊళ్ళకు తిరిగిన పాత ప్రభుత్వ విమాన సంస్థ వాయుదూత్ రోజుల్లో విమానాలు కూడా వచ్చాయి. అంత పెద్ద కంపెనీ స్ట్రిప్పే ఖాళీగా పడి ఉంది. మీ బావమరిదిని ముందు ఆ జాగా చూసి రమ్మనండి. అప్పటికీ వేస్తానంటే మంచిదే, కోతల కాలంలో ఊరి వడ్లన్నీ దాని మీదే ఆరబోస్తారు. మన దగ్గర గట్టి నేల కనిపిస్తే జరిగేది అదే.

ప్రశ్న: విమానం కిటికీలోంచి చూస్తే రన్‌వే మీద 09, 27 అని పెద్ద అంకెలు కనిపించాయి. అవేంటి?
— గృహిణి, మంచిర్యాల

జవాబు: దిక్సూచి డిగ్రీలమ్మా, చివరి సున్నా కొట్టేసి రాస్తారు. 90 డిగ్రీలంటే తూర్పు, అందుకే 09. అదే రన్‌వే మీద అటునుంచి ఇటు వస్తే పడమర, 270, అందుకే 27. రెండింటికీ తేడా ఎప్పుడూ 18 ఉంటుంది. ఒకటే బాటకు రెండు పేర్లు, మన ఊళ్ళో హనుమకొండ రోడ్డు, వరంగల్ రోడ్డు అన్నట్టు.

ప్రశ్న కాదు, తప్పు చూపించడం: పోయిన నెల మీరు 'గట్టి రన్‌వే అంటే తారు, లేకపోతే కాంక్రీటు, మూడోది లేదు' అని రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో చిల్లుల ఇనుప రేకులు ఒకదానికొకటి తగిలించి రోజుల్లో రన్‌వేలు పరిచారు. మీరు దాన్ని వదిలేశారు.
— రైల్వేలో పనిచేసి రిటైరైన పాఠకుడు, కాజీపేట

జవాబు: ఒప్పుకుంటున్నాను సార్, తొందరపడి రాశాను. ఆ రేకులు నిజమే, చిల్లులు పెట్టింది బరువు తగ్గడానికి. మీ ఉత్తరం చదివాక ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఇప్పుడు ప్లాస్టిక్ వల వస్తోంది. దాన్ని నేల మీద పరిచి మేకులు కొడితే గడ్డి ఆ కళ్ళల్లోంచి పైకి పెరుగుతుంది. చూస్తే పచ్చికే, కింద చక్రానికి పట్టు ఉంటుంది, నీళ్ళు కూడా ఇంకుతాయి. చిన్న విమానాలకు అది సరిపోతుంది, బరువైనవాటికి చాలదు.

ఇది చదువుతుంటే మొదటి ఉత్తరం రాసిన మాస్టారు గుర్తొచ్చారు. సార్, మీ అమ్మాయిని ఈ వాక్యం కూడా చేర్చమనండి: 'మెత్తబడే చోట్ల మాత్రమే వల పరిచే మార్గాన్ని పరిశీలించారా, లేదంటే ఎందుకు కుదరదో చెప్పండి.' ఎయిర్‌ఫీల్డ్ వాళ్ళకు నిజంగా కావాల్సింది చలికాలపు బురద నుంచి విముక్తే అయితే వాళ్ళు దీనికి జవాబు చెప్పగలుగుతారు. స్తంభానికి కట్టిన నోటీసు మీద తేదీ చూసుకుని, ఆ 21 రోజుల్లో ఇప్పటికి ఎన్ని పోయాయో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.